ఒక్క ఎలక్ట్రాను తేడా: బరంపురం ల్యాబులో యూరోపియం ఫాస్ఫర్ల డైరీ

జూన్ 8

చేయాల్సినవి మూడు ఫాస్ఫర్లు, అంటే అతినీలలోహిత కాంతి తగిలితే రంగు వెలుగునిచ్చే పొడులు. ఇట్రియం ఆక్సైడ్‌లో యూరోపియం వేస్తే ఎరుపు. స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో అదే యూరోపియం వేస్తే ఆకుపచ్చ. కాల్షియం అల్యూమినేట్‌లో వేస్తే నీలం. మూడింటికీ యూరోపియం ఒకే సీసాలోంచి వస్తుంది. డోపెంటు, అంటే ఇలా కొద్దిగా కలిపే మూలకం, ఒక రంగు డబ్బా అనుకుని మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే తడబడతారు. యూరోపియం మీద విద్యుదావేశం 3 ప్లస్సా 2 ప్లస్సా, దాని చుట్టూ ఉన్న ఆక్సిజన్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఈ రెండూ కలిసి రంగును తేలుస్తాయి. కాబట్టి ఈ పనిలో తూకం సగం, కొలిమిలోని గాలి సగం.

పద్ధతి కంబస్చన్. లోహాల నైట్రేట్లు, యూరియా నీళ్లలో కలిపి, వేడెక్కిన కరెంటు కొలిమిలో, అంటే మఫిల్‌లో పెడితే మిశ్రమం తనంతట తానే అంటుకుని నిమిషాల్లో ఆక్సైడ్ నురగ అవుతుంది. దీన్ని 1988లో బెంగళూరు ఐఐఎస్సీలో కింగ్‌స్లీ, పాటిల్ అల్యూమినా కోసం చూపించారు. మామూలు ఘనస్థితి పద్ధతిలో 1300 డిగ్రీలకు పైన గంటల తరబడి కాల్చాలి (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ సెల్సియస్). మా మఫిల్‌లో ఉన్నది కాంతల్ తీగ. పైన చీటీ మీద 1200 అని ఉంది గానీ 1150 దాటిస్తే తీగ ఎన్నాళ్లో ఉండదు.

యూరోపియం లాంటి అరుదైన మృత్తికల ఊసు ఎత్తితే ఇక్కడ ఎవరైనా ఛత్రపురం పేరే చెబుతారు. అక్కడి సముద్రపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు మోనజైట్ ఉంది, ఆ ఖనిజాలను వేరుచేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటూ ఉంది. కానీ మోనజైట్‌లో ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం. యూరోపియం చాలా కొద్ది. పైగా థోరియం ఉంటుంది కాబట్టి ఇసుక తెచ్చి ల్యాబులో వేరుచేద్దామనే ఆలోచన వద్దు. ఆక్సైడ్లు 99.9 శాతం శుద్ధివి సీసాల్లో కొనడమే.

జూన్ 10

స్టాక్ ద్రావణాలు. 0.01 మోల్ బ్యాచ్‌లో 1 శాతం యూరోపియం కావాలంటే ఆక్సైడ్ 0.0176 గ్రాములు. మిల్లీగ్రాము కాటా మీద దీన్ని తూచడమంటే గుడ్డిలెక్క. ఒక్క మిల్లీగ్రాము అటూ ఇటూ అయినా 6 శాతం తప్పు. అందుకే ఒకేసారి ఎక్కువ తూచి, కరిగించి, పిపెట్‌తో తీసుకోవాలి.

యూరోపియం ఆక్సైడ్ 0.880 గ్రా. బీకరులో వేసి, 1:1 నైట్రిక్ ఆమ్లం 5 మి.లీ. పోసి, 80 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పావుగంట ఉంచాం. తేటగా కరిగింది. వేడి తగ్గించి దాదాపు ఎండిపోయేదాకా ఆవిరి చేశాం. మిగులు ఆమ్లం అలాగే ఉండిపోతే అది కూడా యూరియాను తింటుంది, ఇంధనం లెక్క తప్పుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి 250 మి.లీ. చేశాం. లీటరుకు 0.02 మోల్. ఇక 5 మి.లీ. తీస్తే 0.0001 మోల్, అంతే లెక్క.

డిస్‌ప్రోసియం ఆక్సైడ్ 0.373 గ్రా. ఇలాగే 100 మి.లీ. నియోడిమియం ఆక్సైడ్ 0.336 గ్రా. 100 మి.లీ. అయితే నియోడిమియం ఆక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. సీసాలోంచి తీసి నేరుగా తూస్తే తక్కువ నియోడిమియం వస్తుంది. 1000 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూచాం.

స్టీలు స్పాచులా పక్కన పెట్టేశాం, ప్లాస్టిక్‌దే వాడాలి. ఇనుము, కోబాల్టు, నికెల్ కొద్దిగా చేరినా ఫాస్ఫర్‌కు విషం. ఉద్రిక్త స్థితిలో ఉన్న యూరోపియం తన శక్తిని పక్కనున్న ఇనుముకు అప్పగిస్తే అక్కడ అది వేడిగా మారిపోతుంది, బయటికి వెలుగు రాదు. కలహండి వైపు దొరికే కెంపుల్లోనూ ఇదే సంగతి. వాటిలో వెలిగేది క్రోమియం 3 ప్లస్, 694 నానోమీటర్ల ఎరుపు. ఇనుము ఎక్కువున్న రాయి టార్చి కింద మసకగా ఉండిపోతుంది.

జూన్ 12

ఎరుపు బ్యాచ్, 5 శాతం యూరోపియం. ఇట్రియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 3.639 గ్రా., యూరోపియం స్టాక్ 25 మి.లీ., యూరియా 1.50 గ్రా. యూరియా లెక్క ఇలా: మూడు నైట్రేట్లున్న ఒక్కో లోహానికి ఆక్సీకరణ విలువ 15, యూరియా క్షయకరణ విలువ 6. 0.01 మోల్‌ను 15తో గుణించి 6తో భాగిస్తే 0.025 మోల్, దాన్ని 60.06తో గుణిస్తే 1.50.

ఎరువుల దుకాణంలో యూరియా చవకే, కానీ వద్దు. 2015 నుంచి దేశంలో అమ్మే ఎరువు యూరియా దాదాపు అంతా వేపనూనె పూతతోనే వస్తోంది. మండడానికి అది బాగానే మండుతుంది గానీ నూనె వల్ల ఇంధనం పాళ్లు మారతాయి, దుమ్మూ మట్టీ కూడా వస్తాయి. ల్యాబు గ్రేడు యూరియానే వాడాలి.

ద్రావణం తేనెలా చిక్కబడేదాకా హాట్‌ప్లేట్ మీద మరిగించి, 500 డిగ్రీలకు వేడెక్కి ఉన్న మఫిల్‌లో పెట్టాం. మొదటిసారి పింగాణీ గిన్నెలో పెడితే ఠప్పున రెండు ముక్కలైంది, పాకమంతా కొలిమి నేల మీద పడింది. ఇంత ఆకస్మిక వేడికి సిలికా గిన్నె కావాలి. అదీ 300 మి.లీ. పట్టేది. లోపలున్నది పది మి.లీ. పాకమే అయినా నురగ గిన్నె అంచు దాకా పొంగుతుంది.

రెండోసారి: పొంగు, గోధుమరంగు పొగ, మూడో నిమిషంలో మంట, ఆపైన తెల్లటి స్పాంజిలాంటి ముద్ద. ఆ పొగ నైట్రోజన్ డయాక్సైడ్. తలుపు దగ్గర నిలబడి ముక్కు పెట్టి చూసే పని కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎదురుగా మఫిల్ పెట్టుకోవాలి. గిన్నె మీద మూత పెట్టకూడదు. బ్యాచ్‌ను ఒక్కసారిగా పది రెట్లు పెంచకూడదు. ఎండిన నైట్రేట్లను బొగ్గుతోనో పంచదారతోనో పొడిగా నూరకూడదు, అది బాణసంచా పని.

ముద్దను అగేట్ కల్వంలో మెల్లగా నలిపి, గాలిలోనే 1000 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచాం. మిగిలిన కార్బన్ పోతుంది, స్ఫటికం బాగుపడుతుంది. దిగుబడి 1.09 గ్రా. (లెక్క ప్రకారం 1.16).

జూన్ 13

254 నానోమీటర్ల ల్యాంపు కింద ఇటుక ఎరుపు కాదు, సింధూరం. కొందరు పొడిని గాజు గొట్టంలో పోసి చూసి ఏమీ రాలేదంటారు. మామూలు గాజు 254ను ఆపేస్తుంది. పొడి బయట, ల్యాంపు పైన, చూసే కిటికీకి పాలికార్బొనేట్ రేకు. ఈ ల్యాంపు క్రిములను చంపేది. కళ్లకూ చర్మానికీ అంతే హాని. పెట్టె తలుపు తెరిస్తే ల్యాంపు ఆరిపోయేలా స్విచ్చి పెట్టాం.

అసలు ఏం జరుగుతోందంటే: 254 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 4.88 ఎలక్ట్రాన్ వోల్టులు. శుద్ధమైన ఇట్రియం ఆక్సైడ్ దీన్ని పట్టించుకోదు, దాని బ్యాండ్ గ్యాప్ (అందులోని ఎలక్ట్రానును పైకి లేపడానికి కావలసిన కనీస శక్తి) ఇంతకంటే ఎక్కువ. యూరోపియం ఉన్నచోట మాత్రం ఆక్సిజన్‌లోని ఎలక్ట్రాను యూరోపియం వైపు దూకగలదు. మింగేది ఆ దూకుడే. అక్కడి నుంచి శక్తి మెట్లు దిగి 5డి0 అనే స్థాయిలో ఆగుతుంది. 5డి0 నుంచి 7ఎఫ్2కు దిగేటప్పుడు 611 నానోమీటర్ల ఎరుపు వస్తుంది. లోపలికి 4.88, బయటికి 2.03. ప్రతి ఫోటానూ ఫోటాన్‌గా తిరిగొచ్చినా శక్తిలో 42 శాతమే వెలుగవుతుంది, మిగతాది స్ఫటికానికి వేడి.

ఈ దిగుడు 4ఎఫ్ అనే లోపలి ఎలక్ట్రాన్ పొరలోనే, 4ఎఫ్ నుంచి 4ఎఫ్‌కే. నియమం ప్రకారం అది కుదరకూడదు. అయాన్ కూర్చున్న చోటు సౌష్ఠవం కాస్త చెడితేనే దారి దొరుకుతుంది. ఇట్రియం ఆక్సైడ్‌లో రెండు రకాల చోట్లున్నాయి. నాలుగింట మూడు చోట్ల ఆ సౌష్ఠవం చెడి ఉంది, ఎరుపు ప్రధానంగా అక్కడి నుంచే. దారి ఇరుకు కాబట్టి అయాన్ దాదాపు మిల్లీసెకను పాటు ఉద్రిక్తంగానే ఉంటుంది. 4ఎఫ్ ఎలక్ట్రాన్లు బయటి పొరల చాటున ఉంటాయి, పక్కవాళ్ల తోపులాట వాటికి పెద్దగా తగలదు. అందుకే గీత సన్నగా వస్తుంది.

గీత చూడడానికి డీవీడీ స్పెక్ట్రోస్కోపు చేశాం. డీవీడీ గాడుల మధ్య దూరం 740 నానోమీటర్లు, సీడీకి 1600. నేరుగా పడే కాంతికి డీవీడీ మీద 611 దాదాపు 56 డిగ్రీల కోణంలో, 520 దాదాపు 45 డిగ్రీల కోణంలో వంగుతాయి. సీడీలో ఇవి బాగా దగ్గరదగ్గరగా పడతాయి. డిస్కు రెండు పొరలు విడదీసి, రంగు పూతను స్పిరిట్‌తో కడిగి, చిన్న ముక్క ఫోను కెమెరా ముందు అంటించాలి. రెండు బ్లేడు ముక్కల మధ్య 0.2 మి.మీ. సందు. పెట్టె లోపల నలుపు మెరవకుండా ఉండాలి.

స్కేలు కోసం పాత సీఎఫ్ఎల్ బల్బు చాలు: 435.8, 546.1 పాదరసం గీతలు. అదే బల్బులో ఇంకో బలమైన ఎర్ర గీత 611 దగ్గర ఉంటుంది. మన పొడి గీత సరిగ్గా దాని మీదే కూర్చుంది. కూర్చోకేం, సీఎఫ్ఎల్ లోపలి తెల్ల పూతలో ఎరుపు భాగం ఇదే పదార్థం, యూరోపియం వేసిన ఇట్రియం ఆక్సైడ్! (పూత చూద్దామని బల్బు పగలగొట్టకండి, పాదరసం ఉంది.)

జూన్ 18

యూరోపియం ఎంత వేయాలి? 1, 3, 5, 8, 12 శాతాలు. స్టాక్ 5, 15, 25, 40, 60 మి.లీ. ఇట్రియం ఆ మేరకు తగ్గింది. ఫోను మాన్యువల్ మోడ్‌లో, ఐఎస్ఓ 100, ఒకే ఎక్స్‌పోజరు, రా ఫైలు. జేపీజీలోని అంకెలు వెలుగుకు అనుపాతంలో ఉండవు, వాటితో పోల్చడం దండగ.

5 శాతాన్ని 100 అనుకుంటే: 1 శాతానికి 38, మూడుకు 81, ఎనిమిదికి 92, పన్నెండుకు 63.

ఎక్కువ వేస్తే ఎందుకు తగ్గింది? ఇట్రియం ఆక్సైడ్ స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే ఘనపు గదికి భుజం 10.60 ఆంగ్‌స్ట్రాములు, అందులో 32 ఇట్రియం చోట్లు. 5 శాతం దగ్గర రెండు యూరోపియంల మధ్య సగటు దూరం 11 ఆంగ్‌స్ట్రాముల చిల్లర. 12 శాతానికి అది 8.4కు దిగుతుంది. దగ్గరైన కొద్దీ శక్తి వెలుగై బయటికి రాకుండా ఒక యూరోపియం నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ తిరుగుతుంది. తిరిగి తిరిగి ఎక్కడో ఓ ఇనుము అయానో ఉపరితలపు లోపమో తగిలితే అక్కడితో సరి. డోపెంటు పెంచితే వెలుగు పెరుగుతుందనే ఆశ ఈ ఐదు డబ్బాల ముందు ఆగిపోతుంది. 5 తోనే ఖాయం.

జూన్ 22

ఆకుపచ్చ బ్యాచ్. స్ట్రాన్షియం 97, యూరోపియం 1, డిస్‌ప్రోసియం 2 పాళ్లు. స్ట్రాన్షియం నైట్రేట్ 2.053 గ్రా., అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్ 7.503 గ్రా., యూరోపియం స్టాక్ 5 మి.లీ., డిస్‌ప్రోసియం స్టాక్ 10 మి.లీ., బోరిక్ ఆమ్లం 0.062 గ్రా. యూరియా లెక్కకు 4.02 గ్రా. వస్తుంది, ఒకటిన్నర రెట్లు, అంటే 6.03 వేశాం. యూరియా మిగులుగా ఉంటే మంటలో ఆక్సిజన్ కరువవుతుంది, యూరోపియం 2 ప్లస్‌కు దిగడానికి అది సాయం.

మంట బాగా వచ్చింది. పొడి మీగడ రంగు. 254 కింద పెడితే ఆకుపచ్చ కాదు, నీరసమైన నారింజ ఎరుపు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేస్తే పొరల మధ్య అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు. ల్యాంపు ఆర్పితే చీకటే. "తప్పు సీసా పోశారేమోనండీ" అన్నాడు అటెండరు. సీసా తప్పు కాదు. యూరోపియం ఇంకా 3 ప్లస్‌లోనే ఉండిపోయింది. మంట ఒక్క నిమిషం, తర్వాత ముద్ద అంతా మఫిల్ గాలిలోనే చల్లారింది. మిగులు యూరియా ఒక్కటే ఈ పని చేయలేదు.

ఏ యూరోపియం ఎంతుందో తెలుసుకోవడానికి రెండు టార్చిలు చాలు. 3 ప్లస్‌కు 394 నానోమీటర్ల దగ్గర ఒక సన్నటి శోషణ గీత ఉంది. కాబట్టి 395 అని రాసి అమ్మే చవక టార్చి దాన్ని నేరుగా తట్టి లేపుతుంది, ఎరుపు వస్తుంది. 365 టార్చి 2 ప్లస్‌ను బాగా లేపుతుంది. 365 అని రాసి ఉన్నా ఊదా రంగు బాగా కనబడుతుంటే అది 395 కావచ్చు, లేదా ముందు నల్ల ఫిల్టరు లేకపోవచ్చు.

జూన్ 25

బొగ్గుతో క్షయకరణ, అంటే యూరోపియానికి ఒక ఎలక్ట్రాను చేర్చి 3 ప్లస్ నుంచి 2 ప్లస్ చేయడం. హైడ్రోజన్ సిలిండరు లేనివాళ్లకు దారి కార్బన్ మోనాక్సైడ్. చిన్న అల్యూమినా మూసలో పొడి, మూత. దాన్ని బడాబజారులో కంసాలులకు అమ్మే గ్రాఫైట్ మూసలో పెట్టి, చుట్టూ యాక్టివేటెడ్ బొగ్గు గుళికలు నింపి, పైమూత అంచుకు అల్యూమినా పొడి, నీళ్లు కలిపిన ముద్ద రాశాం. పిన్నుతో ఒక్క సన్నటి రంధ్రం, వాయువు ఉబ్బితే పోవడానికి. 700 దాటాక కార్బన్ డయాక్సైడ్ వేడి బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, అదే పొడిలోకి చొరబడి పని చేస్తుంది. విషవాయువు కాబట్టి ఎగ్జాస్ట్ ఆగకూడదు.

ఇస్త్రీ బండి కట్టెబొగ్గు వాడితే చిటపటమని బూడిద పొడిలో పడింది. కొబ్బరి చిప్పల బొగ్గు మేలు. అక్వేరియం దుకాణంలో దొరికే గుళికలు ఇంకా మేలు.

నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1150, అక్కడ మూడు గంటలు, 200కు దిగేదాకా మూత ముట్టుకోలేదు. బోరిక్ ఆమ్లం కరిగి స్ఫటికాలు పెరగడానికి దోహదం చేస్తుంది కాబట్టే 1300 అవసరం లేకపోయింది. మూత తీస్తే లేత పసుపు ఆకుపచ్చ గడ్డ.

365 టార్చి కింద నిండు ఆకుపచ్చ. డీవీడీలో సన్నగీత లేదు, 520 నానోమీటర్ల చుట్టూ వెడల్పాటి పట్టీ. ల్యాంపు ఆర్పినా వెలుగుతూనే ఉంది.

ఒక్క ఎలక్ట్రాను చేరింది, అంతే జరిగింది. 3 ప్లస్‌లో ఆరు 4ఎఫ్ ఎలక్ట్రాన్లు, 2 ప్లస్‌లో ఏడు. ఈ ఏడులో ఒకటి 5డి అనే బయటి పొరకు (ఇందాకటి 5డి0 స్థాయి వేరు) ఎక్కి మళ్లీ 4ఎఫ్‌కు దిగుతుంది. 4ఎఫ్ నుంచి 5డికి దారి విశాలం, నియమం అడ్డు రాదు, మైక్రోసెకను స్థాయిలోనే దిగిపోతుంది. 5డి మాత్రం 4ఎఫ్‌లా చాటున లేదు, బయటికి చాచుకుని ఉంటుంది. పక్క ఆక్సిజన్లు దాన్ని తోస్తాయి, స్ఫటికం కంపించినప్పుడల్లా అదీ ఊగుతుంది. పట్టీ వెడల్పు అందుకే. చోటు విషయంలో యూరోపియం 2 ప్లస్‌కు ఏ ఇబ్బందీ లేదు: దాని వ్యాసార్థం 1.17 ఆంగ్‌స్ట్రాములు, స్ట్రాన్షియంది 1.18. ఒకరి కుర్చీలో ఇంకొకరు.

జులై 1

రెండో బ్యాచ్ 1150 దగ్గర ఉండగా గాలివానకు కరెంటు పోయింది, 40 నిమిషాలు. కొలిమి చల్లబడుతుంటే మూసలోని వాయువు కుంచించుకుని బయటి గాలిని పిన్ను రంధ్రం గుండా లాక్కుంది. తెరిచాక 395 టార్చి వేస్తే గడ్డ పై పొర అర మి.మీ. మందాన గులాబీ ఎరుపు. గోటితో గీకితే కింద ఆకుపచ్చ. ఒకే గడ్డలో రెండు యూరోపియంలు ఒకదాని మీద ఒకటి!

పారేయలేదు. కొత్త బొగ్గు నింపి మళ్లీ 1150లో రెండు గంటలు ఉంచితే ఎరుపు పోయింది. ఇకపై రంధ్రం ఉన్న వైపు బొగ్గు రెండింతలు.

జులై 4

ఈ ఆకుపచ్చ బ్యాచ్ నిరుడు చేసినదాని కంటే మసక, వెలుగు త్వరగా తగ్గుతోంది. అన్నీ అలాగే చేశాం. అనుమానం అల్యూమినియం నైట్రేట్ మీద. ఈ వానల్లో, సముద్రం దగ్గర, సీసా మూత తీసిన పది నిమిషాలకే స్ఫటికాలు చెమర్చి ముద్ద కడతాయి. 7.503 గ్రా. తూస్తున్నామంటే అందులో కొంత ఉత్త నీరు.

సరిచూసే పద్ధతి: లెక్కకు 1 మోలార్ ద్రావణం చేసి, 10 మి.లీ. మూసలో ఆవిరి చేసి 1000 డిగ్రీల దాకా కాల్చి మిగిలిన అల్యూమినా తూచడం. సరిగ్గా ఉంటే 0.510 గ్రా. రావాలి. 0.474 వచ్చింది. అంటే 0.93 మోలారే. ఇన్నాళ్లూ అల్యూమినియం 7 శాతం తక్కువ పడుతోంది. అల్యూమినియం తగ్గితే స్ట్రాన్షియం ఎక్కువున్న వేరే అల్యూమినేట్ పుడుతుంది. అది మనకు కావలసిన వెలుగు ఇవ్వదు, నీటికి ఇంకా త్వరగా చెడుతుంది.

ఇక పొడి తూచడం మానేశాం. బ్యాచ్‌కు ఈ ద్రావణం 21.5 మి.లీ. పిపెట్. కొరాపుట్ జిల్లా దామంజోడిలో అల్యూమినా కొండలకొద్దీ తయారవుతుంది, ఇక్కడ మేం అర గ్రాము అల్యూమినా దగ్గర కొట్టుకుంటున్నాం.

జులై 8

ఆరాక ఎంతసేపు వెలుగుతుందో కొలిచాం. ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే సెన్సరు) పనికిరాదు, మసక వెలుగులో నత్తనడక, పైగా ఇందాకటి వెలుగును గుర్తుపెట్టుకుంటుంది. బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్, సీఏ3140 ఆప్‌ఆంప్, ఫీడ్‌బ్యాక్‌లో పది 10 మెగా ఓమ్ రెసిస్టర్లు వరసగా, వాటికి అడ్డంగా 100 పికోఫారడ్. సెకనుకో రీడింగు ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డులోకి. మొదటి రోజు గంట తర్వాత కూడా రీడింగు ఒక స్థాయి కిందికి దిగలేదు. వెతికితే ఆర్డుయినో బోర్డు మీది పవర్ ఎల్ఈడీ పెట్టె లోపలే వెలుగుతోంది. రెండో రోజు తేమకు బోర్డు మీద లీకేజీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సిలికా జెల్ సంచి వేశాక కుదిరింది.

365 టార్చి 5 నిమిషాలు, తర్వాత చీకటి. ఒక నిమిషానికి 410 మిల్లీవోల్టులు, 10 నిమిషాలకు 38, గంటకు 6. కాలంతో గుణించి చూడండి: 410, 380, 360. దాదాపు కాలానికి విలోమం. సగానికి తగ్గడానికి ఇన్ని నిమిషాలు అని ఒక్క అంకెతో చెప్పే లెక్క దీనికి పనికిరాదు. డిస్‌ప్రోసియం వేయని బ్యాచ్ ఒక నిమిషానికే 20కి పడింది.

డిస్‌ప్రోసియం ఇక్కడ వెలగదు, దాస్తుంది. అతినీలలోహిత కాంతి తగిలిన కొన్ని యూరోపియంల నుంచి ఎలక్ట్రాను జారిపోయి పక్కనున్న గుంటలో పడుతుంది. గది వేడి దాన్ని మెల్లగా పైకి తోస్తుంది, తిరిగొచ్చాక ఆకుపచ్చ. గుంట లోతు దాదాపు 0.65 ఎలక్ట్రాన్ వోల్టులని చెబుతారు. గది ఉష్ణోగ్రత ఇచ్చేది 0.026. అందుకే గంటలు పడుతుంది. ఈ పదార్థాన్ని 1996లో ప్రకటించిన మత్సుజావా బృందం దాక్కునేది హోల్ (ఎలక్ట్రాను లేని ఖాళీ) అన్నది. 2005లో డోరెన్‌బోస్ కాదు, ఎలక్ట్రానే అన్నాడు. మేం రెండోదాన్నే నమ్ముతున్నాం.

ఇంట్లో చూసుకోవాలంటే: వెలిగించిన పొడిని వెంటనే ఫ్రీజర్‌లో గంట పెట్టండి, మసకబారుతుంది. తీసి గోరువెచ్చటి పెనం మీద చల్లితే ఒక్కసారి భగ్గుమంటుంది. పోయిందనుకున్నది గుంటల్లోనే ఉందన్నమాట. ఆ తర్వాత త్వరగా ఆరిపోతుంది, ఖర్చయిపోయింది కదా.

జులై 12

నీలం. స్ట్రాన్షియం బదులు కాల్షియం నైట్రేట్ టెట్రాహైడ్రేట్ 2.291 గ్రా., డిస్‌ప్రోసియం బదులు నియోడిమియం స్టాక్ 10 మి.లీ. మిగతా అంతా అదే, బొగ్గుతో సహా. డీవీడీలో పట్టీ 440 దగ్గర. యూరోపియం అదే 2 ప్లస్. చుట్టూ ఉన్న ఆక్సిజన్ల దూరం, అమరిక వేరు. 5డి మీద తోపు వేరు. దిగే ఎత్తు పెరిగి రంగు నీలానికి జరిగింది. ఎరుపులో ఈ ఆట కుదరదు. 3 ప్లస్ యూరోపియాన్ని ఎందులో వేసినా 590, 615 ప్రాంతాల్లోనే తిరుగుతుంది, గీతల బలాబలాలు మాత్రం మారతాయి.

ఆకుపచ్చకన్నా మసకగా ఉంది. కొంత కన్ను తప్పు, చీకట్లో కూడా 440కి మన కన్ను ఆకుపచ్చకంత చురుకు కాదు. కొంత మా తప్పూ కావచ్చు: కాల్షియం, అల్యూమినియం కలిసి పక్క పదార్థాలు చాలా కట్టుకుంటాయి. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) చూడకుండా ఏది ఎంతో తేలదు.

జులై 16

ఆకుపచ్చ పొడి అర గ్రాము, డిస్టిల్డ్ వాటర్ 20 మి.లీ. పది నిమిషాలకు పీహెచ్ కాగితం 12 చూపింది. మూడో రోజుకు అడుగున తెల్లటి బురద, వెలుగు లేదు. నీటితో కలిపే పెయింటులో ఇది వేస్తే అంతే సంగతులు. తేట ఎపాక్సీలో బరువుకు 30 శాతం కలిపాం. పొడి సాంద్రత 3.6, రెసిన్‌ది ఒకటికి కాస్త పైన, వెంటనే పోస్తే అడుగుకు దిగిపోతుంది. గట్టిపరిచే ద్రవం కలిపాక పాకంలా చిక్కబడేదాకా ఆగి, అప్పుడు పొడి కలిపి పోయాలి. కింద తెల్ల పూత ఉంటే వెనక్కి పోయే వెలుగు కూడా ముందుకే వస్తుంది.

నూరడంలో ఓ మాట. గడ్డను మెత్తగా చేద్దామని అరగంట నూరిన భాగం, చేత్తో చిదిపి 200 మెష్ జల్లెడ పట్టిన భాగం కంటే స్పష్టంగా మసక. గింజ పగిలినకొద్దీ కొత్త ఉపరితలం, కొత్త లోపాలు. బోరిక్ ఆమ్లం రెట్టింపు వేసిన బ్యాచ్ రాయిలా బిగిసింది, నూరక తప్పలేదు, వెలుగు పోయింది. 0.062 గ్రా. దాటించవద్దు.

మూడు పొడులూ 0.3 గ్రా. చొప్పున ఎక్స్‌ఆర్‌డీకి పొట్లాలు కట్టి, సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టాం. కాల్షియం బ్యాచ్‌ను ఈలోగా 2 శాతం అల్యూమినియం ఎక్కువ వేసి ఒకటి, తక్కువ వేసి ఒకటి కాల్చి చూడాలి. బొగ్గు గుళికలు ఇంకో రెండు బ్యాచ్‌లకు సరిపడా ఉన్నాయి.